తోడు వెళ్ళని కోడి

సాలూరు మెయిన్ రోడ్డులో చింతపండూ, వలిసెలనే నూనెగింజలూ టోకు వ్యాపారం చేసే జగన్నాధానికి ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళడం చేతకాదు. బ్యాంకుకి వెళ్ళాలన్నా, క్షవరానికి వెళ్ళాలన్నా, ఆఖరికి పెరట్లో నూతి దగ్గరికి స్నానానికి వెళ్ళాలన్నా "సూరీ, ఒస్తావేటి?" అని తమ్ముణ్ణి కేకేసేవాడు. అది అడగడం కాదని తమ్ముడు సూర్యారావుకి చిన్నప్పుడే తెలుసు. తండ్రి పోయాక అన్న పెంచిన ప్రాణం తనది. చేతిలో ఏ పనున్నా పారేసి, చెప్పులు తొడుక్కుని బయల్దేరేవాడు. పెళ్ళైన కొత్తలో భార్య కాంతం వడ్డించిన విస్తరి ముందునుంచి లేచి అన్న వెంట బొబ్బిలి వెళ్ళిపోయిన ఘనుడు. ఆ విస్తరి సంగతి కాంతం ఇప్పటికీ మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశం కూడా ఆవిడకి లేదు.

అటువంటి జగన్నాధం పంతొమ్మిది వందల అరవై ఆరు చలికాలంలో ఒక శనివారం పొద్దున్న, పడక్కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ, గ్లాసు కింద పెట్టకుండానే పోయాడు. భార్య ఏనాడో పోయింది. పిల్లల్లేరు. తలకొరివి పెట్టవలసింది తమ్ముడే.

మనిషి పోయినందుకు ఏడవాలా, శనివారం పోయినందుకు భయపడాలా అన్నది వీధివాళ్ళకి వెంటనే తేలలేదు. శనివారం పోయినవాళ్ళు ఒంటరిగా పోరనీ, ఇంట్లోంచి మరొకర్ని వెంట తీసుకుపోతారనీ ఆ వైపు గట్టి నమ్మకం. దానికి విరుగుడు కూడా వాళ్ళే కనిపెట్టుకున్నారు. పాడెకి బతికున్న కోడిపిల్లని కట్టి తీసుకెళ్ళి శ్మశానంలో వదిలేస్తారు. పోయినవాళ్ళకి అదే తోడు. సూర్యారావు వాళ్ళది గుడ్డు కూడా గడప దాటని ఇల్లు కాబట్టి ఆ పని గోడౌనులో బస్తాలు మోసే కళాసీ సోములు మీద పడింది. వాడు తన పెరట్లోంచి నల్లటి పిల్లనొకదాన్ని తెచ్చి, కాలికి దారం బిగించి, పాడె కర్రకి కట్టాడు.

వేగావతి ఒడ్డున దహనం అయింది. దారం విప్పి కోడిపిల్లని వదిలేశారు. అందరూ ఏట్లో మునిగి, తడిబట్టలతో ఇంటికొచ్చి, గుమ్మంలో పెట్టిన దీపం చూసి అరుగుమీద కూలబడ్డారు. అప్పుడు వచ్చింది అది. రోడ్డుమీద లారీల మధ్యనుంచి, దారం కోసుకుపోయిన కుడికాలితో కుంటుకుంటూ, ఎవరో చిరునామా చెప్పి పంపినట్టు తిన్నగా వచ్చి, అరుగెక్కి, గడప దాటి, హాల్లో జగన్నాధం పడక్కుర్చీ మీదికి ఎగిరి కూర్చుంది.

పక్కింటి దాలయ్యకి నోట్లో మాట దాచుకోవడం తెలియదు.

"తోడుని తిప్పి పంపేసినాడు," అన్నాడు మెల్లిగా. "కోడి ఒద్దన్నాడు కావాల."

మరి ఎవరు కావాలన్నాడో దాలయ్య చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. అరుగుమీదున్న కళ్ళన్నీ సూర్యారావు వైపు తిరిగాయి. తడి పంచెలో ఆయన కాళ్ళు వణికాయి. కోడిపిల్లతో సరిపెట్టుకునే మనిషా అన్నయ్య? బొబ్బిలికే తను లేనిదే కదలనివాడు, అంత దూరం కోడిపిల్లని వెంటబెట్టుకుని వెళ్తాడా? చీకటి పడుతున్న హాల్లోంచి "సూరీ, ఒస్తావేటి?" అని వినిపించినట్టే అయింది. పొద్దుటినుంచీ గొంతులో అడ్డం పడి ఉన్న ఏడుపు ఆ క్షణాన లోపలికి వెళ్ళిపోయింది. అన్నకోసం ఏడవడానికి మళ్ళీ ఆయనకి తీరిక దొరకలేదు, భయపడటంతోనే సరిపోయింది.

భయపడ్డ మనిషి బుర్ర మహా చురుగ్గా పనిచేస్తుంది. ఆ రాత్రి తెల్లవారేసరికి సూర్యారావు అంతా ఆలోచించి పెట్టుకున్నాడు. ఆ కోడి తన బదులు నిలబడ్డ ప్రాణి. అది బతికున్నంత కాలం అన్నయ్య ఆగుతాడు. అది పోయిననాడు మాత్రం తిన్నగా తన దగ్గరికే వస్తాడు.

"కోడా?" అంది కాంతం. "మనింట్లోనా? దేవుడి గది పక్కనా?"

"అది కోడి కాదు కాంతం. నా ఆయుష్షు."

"మీ ఆయుష్షు హాలంతా రెట్టలేస్తన్నాది, సూసుకోండి మరి," అని ఆవిడ చీపురు ఆయన చేతికిచ్చింది.

ఆ ఇల్లు ముందునుంచే చీకటిల్లు. ముందు కొట్టు, దాని వెనక హాలు, ఆ వెనక కిటికీ లేని గోడౌను, అదంతా దాటితే గానీ వంటిల్లు రాదు. పగలు కూడా దీపం పెట్టుకు తిరగవలసిన కొంప. అందులో ఆ పడక్కుర్చీ కోడిదైపోయింది. సాయంత్రం సూర్యారావు కొట్టు కట్టేసి లోపలికొస్తే, అన్న తల ఆనించుకునే చోట రెండు చిన్న కళ్ళు మెరుస్తూ కనిపించేవి. ఆయన చేతులు జోడించబోయి, ఆపుకుని, బియ్యపు నూకలు తెచ్చి వేసేవాడు.

కోడి బతుకు ఎంత ప్రమాదాల్లో ఉంటుందో అప్పుడే ఆయనకి తెలిసొచ్చింది. పిల్లులున్నాయి, గద్దలున్నాయి, వీధికుక్కలున్నాయి. కొక్కెర తెగులుంది. తెగులు వస్తోందని ఎవరో అంటే దానికి వెల్లుల్లి మింగించాడు. కుంటి కాలికి రోజూ పసుపూ ఆముదమూ కలిపి రాశాడు. పక్క ఊళ్ళకి వసూళ్ళకి వెళ్ళడం మానేశాడు. పెళ్ళిళ్ళు మానేశాడు. నరసన్నపేటలో ఉన్న కూతురు పద్మకుమారికి కొడుకు పుడితే బారసాలకి కాంతాన్ని ఒక్కదాన్నే పంపించాడు. ఆవిడ తిరిగొచ్చాక కొన్నాళ్ళు ఆయనకి కంచం పెట్టిందే గానీ మాట పెట్టలేదు.

ఆయన గెలుపంటూ ఒకటుంటే అది కోడి కాలు. బారసాలకి ముందేడు, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ వెళ్ళిన మర్నాడు చూస్తే కోడి చక్కగా నడుస్తోంది. కుంటడమే లేదు. సూర్యారావు ఆ రోజు కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చూపించాడు.

"నా వైద్యమే," అన్నాడు కాంతంతో. "పసుపూ ఆముదమూ. సూసేవా?"

"సూశాను," అని కాంతం వంటింట్లోకి వెళ్ళిపోయింది. గోడౌను గుమ్మంలో సోములు దగ్గాడు.

అలా గడుస్తూండగా అరవై ఎనిమిది చలికాలం వచ్చింది. పద్మ కొడుక్కి శ్రీకాకుళం అవతల శ్రీముఖలింగంలో, ముఖలింగేశ్వరుడి సన్నిధిలో అన్నప్రాశన పెట్టుకున్నారు. తాత చేతి ముద్దే పిల్లాడికి మొదటి ముద్ద కావాలని పద్మ కబురు పంపింది. బారసాలకి రాలేదని ఆ పిల్ల మనసులో ఎంత బాధపడిందో కాంతానికి తెలుసు. సూర్యారావుకీ తెలుసు. మనవణ్ణి ఒక్కసారి ఎత్తుకోవాలని ఆయనకి ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ ఆ ప్రాణమే కదా కోడి దగ్గర తాకట్టుంది.

"గంపలో పెట్టి తెచ్చేస్తే?" అన్నాడు.

"ముఖలింగం గుళ్ళోకి కోడినా?" అంది కాంతం. "ఈసారి మీరు రాకపోతే నేనూ తిరిగిరాను. పద్మ దగ్గరే ఉండిపోతాను. ఆ కుర్సీలో కోడీ, ఈ మంచంమీద మీరూ కాపరం సేసుకోండి."

ఆడిన మాట నిలబెట్టుకునే మనిషి కాంతం. సూర్యారావు రెండు వైపులా చూశాడు. ఒకవైపు పెళ్ళాం, కూతురు, ఇంకా మొహమైనా చూడని మనవడు. రెండోవైపు చావు. రాలేనని తల అడ్డంగా ఊపుతుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ప్రయాణం రేపనగా మధ్యాహ్నం జయపురం నుంచి వలిసెల లోడుతో లారీ వచ్చింది. కొట్టు ముందు దించుకోవడం అయింది. చిరిగిన బస్తాలోంచి వెనక చక్రం కింద గుప్పెడు వలిసెలు రాలి పడ్డాయి. కోడి హాల్లోంచి దిగి, అరుగు దాటి, వలిసెలు ఏరుకుంటూ చక్రం కిందికి వెళ్ళింది. డ్రైవరు టీ తాగొచ్చి బండి తీశాడు. గుమ్మంలో నిలబడ్డ సూర్యారావు కేకేసేలోపే చక్రం దానిమీదుగా దొర్లిపోయింది.

"సూడలేదు బాబూ," అన్నాడు డ్రైవరు దిగొచ్చి, బిక్కమొహం వేసుకుని.

వాణ్ణని ఏం లాభం? పిల్లినుంచీ గద్దనుంచీ తెగులునుంచీ ఇన్నాళ్ళు కాపాడుకొచ్చాడు. చావు మాత్రం తన గుమ్మం ముందుకే, తను పురమాయించిన సరుకుతోనే వచ్చింది. ఎటునుంచి దడి కట్టినా మరోవైపునుంచి వస్తుందని ఆయనకి అప్పుడు అర్థమైంది. లోపలికెళ్ళి, అన్న పోయాక మొదటిసారి, ఆ పడక్కుర్చీలో వాలాడు. కళ్ళు మూసుకున్నాడు.

ప్రయాణానికి చీరలు సర్దుకుంటున్న కాంతం హాల్లోకొచ్చి చూసింది.

"ఏటండీ ఇది?"

"తులసినీళ్ళు తెచ్చుకో కాంతం. పద్మకి కబురెట్టు. అన్నయ్య పిలుస్తన్నాడు."

"ఎందుకు పిలుస్తన్నారంట?"

"కోడి పోయింది."

కాంతం చేతిలో చీర మడత పూర్తిచేసింది. తర్వాత ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"కోడి పోయి ఏడాది దాటింది," అంది.

సూర్యారావు కళ్ళు తెరవలేదు గానీ కనుబొమలు కదిలాయి.

"పోయినేడు సిరిమాను పండక్కి వీధి వీధంతా ఇజీనారం ఎల్లింది గదా. మీరు కోడుందని రానన్నారు. పోనీ పండగపూట అని గారెలొండాను. ఎన్ని తిన్నారో మీకే తెలవాల. తినేసి గుర్రెట్టి నిద్రపోయారు. వీధిలో మనుషుల్లేరేమో, కుక్క లోపలికొచ్చి దాన్ని పట్టుకుపోనాది. మీరు లేచి సూస్తే గుండాగిపోతాదని నాకు బయమేసింది. సోములు ఊరంతా తిరిగి అలాటి నల్ల పెట్టనే తెచ్చాడు. ఇప్పుడు పోయింది ఆ పెట్ట. మీ అన్నయ్యకీ దీనికీ ఏటి సంబంధం నేదు."

"నన్ను ఓదార్చడానికి సెప్తన్నావు."

"అయితే కుంటి కాలేమైంది?"

సూర్యారావు మూసిన కళ్ళతోనే వేళ్ళమీద నెలలు లెక్కపెట్టాడు.

"దారం కోసుకుపోయి వంకర తిరిగిన కాలు పండగ మర్నాడికి బాగైపోద్దేటి? పసుపూ ఆముదానికా? ఆ మాట పదిమందికీ మీరు సెప్పుకుంటంటే నవ్వలేక సచ్చాను."

ఆయన కళ్ళు తెరిచాడు. సోముల్ని పిలిపించాడు. సోములు వచ్చి, అమ్మగారి మొహం చూసి, ఇక దాచనక్కర్లేదని గ్రహించి తల గోక్కున్నాడు.

"నిజవే బాబూ. కుక్క నోట్లోంచి నేనే లాగినాను. అప్పుడికే పోనాది."

"దాన్నేం చేశావురా మరి?"

సోములు మళ్ళీ అమ్మగారి వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది.

"మా ఇంటిది పులుసెట్టీసింది బాబూ."

సూర్యారావు లేచి నిటారుగా కూర్చున్నాడు. తన ప్రాణం ఏడాది కిందటే సోములు ఇంట్లో పులుసైపోయింది. తను చచ్చిపోవలసిన మధ్యాహ్నం గారెలు తిని గుర్రుపెట్టాడు. ఆ తర్వాత ఒక వేసవి దాటింది, మామిడిపళ్ళు తిన్నాడు, వానలు చూశాడు, తాతయ్యాడు. అదంతా చావు తర్వాత బతికిన బతుకు! లోపల్నుంచి తన్నుకొస్తున్నది నవ్వని పైకొచ్చాక గానీ ఆయనకి తెలియలేదు. కుర్చీ కర్రలు కిర్రుమనేలా నవ్వాడు. వేగావతి ఒడ్డునుంచి మోసుకొచ్చిన బరువు ఒంట్లోంచి అలా జారిపోతుంటే ఎంత సుఖంగా ఉందో ఆయన చెప్పలేడు. సోములు కూడా భయంభయంగా నవ్వాడు.

నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"అయితే అన్నయ్య నన్ను పిలవలేదా కాంతం?"

"పిలవలేదు."

"ఒక్కడూ ఎల్లిపోయాడా?"

"ఎల్లిపోయారు."

నూతి దగ్గరికి కూడా ఒంటరిగా వెళ్ళలేని మనిషి, అంత దూరం ఒక్కడూ, తమ్ముణ్ణి కేకెయ్యకుండా వెళ్ళిపోయాడు. సూరి సుఖంగా ఉండనీ అని నోరు బిగపట్టుకుని వెళ్ళుంటాడు. అలాంటివాణ్ణి చూసి తను ఇన్నాళ్ళూ దడుచుకున్నాడు. ఆ శనివారం లోపలికి వెళ్ళిపోయిన ఏడుపు అప్పుడు బయటికొచ్చింది. పంచె చెరగు మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా, అన్నయ్యా అన్నయ్యా అంటూ ఏడ్చాడు. సోములు బయటికి వెళ్ళిపోయాడు. కాంతం ఆపలేదు. ఆయనకి రావలసిన ఏడుపే అది. చాలాసేపటికి ఆయన మొహం తుడుచుకున్నాడు.

"ఎప్పుడో ఒకనాడు నేనూ పోతాను గదా," అన్నాడు. ఆ మాట అంటే కాళ్ళు వణకనందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది.

"పోతారు. నేనూ పోతాను. దానికి కోడెందుకు?" అంది కాంతం.

మర్నాడు తెల్లారేసరికి పడక్కుర్చీ కడిగి పెరట్లో ఎండకి వేసి ఉంది. సూర్యారావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అరుగుమీద నిలబడి, తాళం కప్ప చేతిలో పట్టుకుని, అలవాటు కొద్దీ ఇంకా హాల్లోకే చూస్తున్నాడు. లోపలినుంచి ఎవరూ పిలవలేదు. రోడ్డుమీద శ్రీకాకుళం బస్సు హారను కొట్టింది.

కాంతం సంచి చంకన పెట్టుకుని మెట్లు దిగి, వెనక్కి తిరిగి చూసింది.

"ఒస్తారేటి?" అంది.

అది అడగడం కాదని ఆయనకి తెలుసు. చెప్పులు తొడుక్కుని బయల్దేరాడు.