కిటికీ పక్క సీటు, దాని పక్క సీటు

బళ్ళారి బ్రూస్‌పేటలో ప్రమీలమ్మ విమానం టికెట్ల అంగడి పొద్దున తొమ్మిదికి తెరుచుకుంటుంది. కసువు ఊడ్చి, ఊదుబత్తి వెలిగించి, కంప్యూటరు ఆన్ చేసి, ఆ తర్వాత కిటికీ అద్దం తుడుస్తుంది. తుడవక తప్పదు. కంప్యూటర్లో విమానం సీటు ఏది నొక్కితే ఆ సీటు నుంచి కనబడేదంతా ఈ కిటికీలో కనబడుతుంది మరి. మరకలుంటే గిరాకీలు ఊరుకోరు. కరెంటు పోతే మాత్రం ఎదుటి గాజులకొట్టే కనబడుతుంది.

సీటు చూసుకోవడానికి బళ్ళారిలో ఎవరూ ఒంటరిగా రారు. పెళ్లిచీర కొనడానికి వచ్చినట్టు ఇంటిల్లిపాదీ వస్తారు. దుబాయి పోయేది ఒకడు, సముద్రం చూసేది పదకొండు మంది. ప్రమీలమ్మ విసుక్కోదు. "రెక్క మీద సీటు వద్దప్పా, రెక్క తప్ప ఏమీ కనపడదు. రెక్క వెనకైతే ఇంజను వేడికి అంతా అలికినట్టుంటాది. ముందర తీసుకో" అని ఓపిగ్గా చెబుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఊరందరికీ ఆకాశం చూపించిన మనిషి, తను మాత్రం విమానం ఎక్కలేదు. ఎక్కాలని ఎంత ఆశో! ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం, జీన్సు ప్యాంట్లు కుట్టే ఉచ్చంగెమ్మ ఏడుపు ముఖంతో వచ్చింది. ఆమె వీధిలో ఆ పని జోడీగా చేస్తారు. ఎదురెదురు మిషన్ల మీద ఒకామె ప్యాంటు కాళ్లు కుడితే ఇంకొకామె జేబులు కుడుతుంది. కొత్త మిషన్లు నేర్పిస్తాం, ఇద్దరు రండని జపాను కంపెనీ ఒకటి ఉచ్చంగెమ్మకు కబురు పెట్టింది. ప్రయాణం వచ్చే నెల.

"నా జోడీ యల్లమ్మ రానంటాండాది అక్కా. భయమంట. ఇయ్యాల ఐదు గంటల్లోపల రెండు పేర్లు పంపకపోతే వేరే జోడీని పిలుస్తారంట. ఊకే సీటన్నా చూసి పోతా. నాకింతే రాసిపెట్టుండాది."

ప్రమీలమ్మ మనసు చివుక్కుమంది. "కూర్చో. నిదానంగా చూద్దాం" అంది.

ముందు కుడి పక్క సీటు నొక్కింది. తెల్లవారే సూర్యుడు నేరుగా మొహాన కొట్టాడు. ఇద్దరూ కళ్లు మూసుకుని నవ్వేశారు. తర్వాత ఎడమ పక్క, రెక్క ముందర, పద్నాలుగు-ఏ నొక్కింది. మేఘాల మీద తేలుతూ మంచుకొండ ఒకటి కిటికీ నిండా వచ్చి నిలబడింది.

"అయ్యో దేవరా, ఎంత బాగుండాది!" ఉచ్చంగెమ్మ అద్దం దగ్గరికి వంగింది. "అక్కా, ఈ అద్దంలో నా పక్కన నువ్వుండావు."

"ఈడే ఉండాను గదా, కనపడక యాడికి పోతాను?"

"అది గాదక్కా. అద్దంలో నువ్వు సీటు బెల్టు పెట్టుకోనుండావు."

ప్రమీలమ్మ చూసింది. నిజమే. నడుముకు బెల్టు, ఉచ్చంగెమ్మ మీదుగా మెడ చాచి, చిన్నపిల్లలా నోరు తెరిచి కొండను చూస్తోంది తనే.

"నేనా? ఈ అంగడి పెట్టకముందు జేబులు కుట్టినదాన్నే. ఇప్పుడు మతికుంటాదా?"

"నీకు లేకపోయినా నీ చేతులకుంటాది. రా అక్కా."

ఫారం ఎట్లా నింపాలో గిరాకీలకు చూపించడానికి తీయించుకున్న పాస్‌పోర్టు సొరుగులో ఉంది. ఒక్క ముద్ర పడలేదు. దాన్ని పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ పక్క సీటు పద్నాలుగు-బి దగ్గర తన పేరు కొట్టింది. ఐదుకు ఇరవై నిమిషాలుండగా రెండు పేర్లూ జపాను కంపెనీకి పంపేసి, పట్టలేని సంతోషంతో లేచి అంగడి షట్టరు లాగేసింది.

"ఇంత పొద్దుండంగానే యాడికక్కా?"

"మీ ఇంటికే. పద, మిషన్ చూపించు. ప్యాంటుకు ఐదు జేబులూ కుట్టందే ఇయ్యాల కదిలేది లేదు."