సగమే చెయ్యాలి

పంతొమ్మిదేళ్లుగా చొక్కాలకు కాజాలు కుట్టీ కుట్టీ, కార్ఖానాలో ఆమెకు కాజాల అక్క అన్న పేరే స్థిరపడిపోయింది. పేరుతోపాటు కుడిభుజం నొప్పీ స్థిరపడింది. చెయ్యెత్తి జడ వేసుకోలేని రోజు వచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్రాంతి తీసుకోమన్నాడు. "అది ఏ మందులషాపులో దొరుకుతుందండీ?" అని అడిగి వచ్చేసింది.

ఆమెకున్న విశ్రాంతల్లా మధ్యాహ్నం అరగంట. నాలుగు ముద్దలు మింగి, కూర్చునే ఓపిక లేక, ఖాళీగా ఉన్న కటింగు బల్ల మీద వెల్లకిలా పడుకునేది. అలా పడుకోగా పడుకోగా ఒక సంగతి తెలిసింది. ఎడమభుజం బల్లకు ఆనుతోంది, కుడిది ఆనడం లేదు. మనిషి పని ఆపినా భుజం ఇంకా పనిలోనే ఉంది. కిందికి నొక్కితే మరింత బిగుసుకుంది. దాని జోలికి పోకుండా మెల్లగా ఊపిరి వదులుతూ ఉంటే, వారానికి వెంట్రుకవాసి దిగింది.

అక్కణ్ణుంచి ఒక్కొక్కటే తనకు తనే పట్టుకుంది. చెయ్యి ఎంత దూరం వెళ్లగలదో అందులో సగమే పోనివ్వాలి. కదిలే ముందు ఊపిరి వదలాలి. నొప్పి రాకముందే ఆగిపోవాలి. నాలుగు నెలలకు తన జడ తనే వేసుకుంది.

పక్క మిషను మీద కాలర్లు కుట్టే వదిన అది చూసింది. "నా నడుం సంగతీ చూడమ్మా, నీకు పుణ్యముంటుంది" అంది. వదిన వెనక ఇంకో తొమ్మిదిమంది మధ్యాహ్నాలు బల్ల దగ్గర చేరారు.

సంగతి సూపర్‌వైజరు చెవిన పడింది. చెడ్డవాడు కాదు, పైవాళ్లంటే హడల్, అంతే.

"అక్కా, దీన్ని రోజూ పొద్దున్నే అందరితో చేయిద్దాం. సూత్రాలు చెప్పు, గోడకు అంటిస్తాను."

"సూత్రాలేముంటాయి బాబూ. చేయగలిగినదాంట్లో సగమే చెయ్యాలి."

అతని పెన్ను ఆగిపోయింది. "ఆ మాట గోడెక్కితే నేను ఇంటికెళ్తాను. ఇంకోటి చెప్పు."

"తక్కినవన్నీ దాని పిల్లలే."

చివరికి 'పూర్తి శక్తితో, రోజూ పది నిమిషాలు' అన్న కాగితం గోడెక్కింది. పొద్దున్నే విజిలు, విజిలుకొక చెయ్యి పైకి. మూడోరోజుకే ఆమె భుజం మళ్లీ పట్టేసింది. నాలుగోరోజు వెనక వరసలో చేతులు వేలాడేసి నిలబడింది. సూపర్‌వైజరు చూసి, చూపు తిప్పుకున్నాడు.

పొద్దుటి విజిళ్లకే అలిసిపోయి, మధ్యాహ్నం రావడం తక్కినవాళ్లు మానేశారు. వదినా ఆమే మిగిలారు.

"కాగితం మీద నీ పేరైనా వెయ్యలేదే."

"వెయ్యకపోవడమే మంచిది వదినా. నేను చెప్పింది అందులో ఏముందని?"

"ఇవాళ నడుం ఆనడం లేదు."

"ఆనకపోతే పోనీ. దాన్ని తిట్టకు."

రెండు వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం సూపర్‌వైజరు మెడ పట్టుకుని వచ్చాడు. తల తిప్పలేకపోతున్నాడు. బల్ల పక్కన కాసేపు నసిగాడు. కాజాల అక్క లేవకుండానే పక్కకు జరిగి చోటిచ్చింది. చెప్పులు విడిచి ఎక్కి పడుకున్నాడు.

"ఇప్పుడేం చెయ్యాలక్కా?"

"ఊపిరి వదులు. ఏ పక్క ఆనిందో చూసుకో."

రెండు నిమిషాలకే నిద్రపోయాడు. గంట కొట్టేదాకా వాళ్లిద్దరూ అతన్ని లేపలేదు.