పగలకుండా పోవలసిన ట్యూబులైట్లు

ఆండాలుకు ఆ గోడను చూస్తే ఒళ్లు మండుతుంది. ఫలక్‌నుమాలో వాళ్లది రెండు గదుల ఇల్లు. వెనక గదిలో గోడకు ఆనించి పాత ట్యూబులైట్ల కట్టలు నిలబడి ఉన్నాయి. కొన్నింటికి ఎప్పటి బోనాలకో చుట్టిన గులాబీ, ఆకుపచ్చ జిలటిన్ కాగితాలు అలాగే ఉండిపోయాయి. ఆమె భర్త రామ్‌చందర్ పెళ్లిళ్లకు, పండగలకు లైట్లు కట్టే పని చేస్తాడు. జనమంతా ఎల్‌ఈడీ దండలే కావాలనడంతో ఆయనా అవే కొన్నాడు. పాతవాటిని పారేయడానికి మాత్రం చేతులు రాలేదు. ఎప్పటికైనా పనికొస్తాయంటూ అక్కడ పేర్చాడు. ఆ గోడ పక్కనే కోడలు లావణ్య మంచం.

లావణ్యకు ఆరో నెల. పోయినసారి కడుపు నిలవలేదు. ఆ ఏడుపు ఇంకా ఆండాలు చెవుల్లోనే ఉంది. మొన్న ఆస్పత్రిలో డాక్టరమ్మ, ఇంట్లో ఏం పని చేస్తారని అడిగి, ట్యూబులైట్ల సంగతి వినగానే రాస్తున్నది ఆపేసింది. వాటిలో పాదరసం ఉంటుందట. పగలనంతకాలం భయం లేదు. పగిలితే మాత్రం ఆవిరై గాల్లో కలుస్తుంది, లోపలి తెల్లపొడిలోనూ ఉంటుంది, కడుపులో బిడ్డకు అస్సలు మంచిది కాదు. పగలకుండా బయటికి పంపించేయండి, వాటిని సరిగ్గా తీసుకునేవాళ్లకే ఇవ్వండి అంది. ఆ తీసుకునేవాళ్లు ఎక్కడుంటారో డాక్టరమ్మకూ తెలియదు.

ఆ రోజు నుంచి ఆండాలుకు వేరే పని లేదు. చెత్త ఆటో వస్తే అడిగింది. ఆటో నడిపే అతను "ఇయ్యి అక్కా, గిదేం పెద్ద పని" అంటూ ఒకటి అందుకుని మోకాలికేసి విరవబోయాడు. ఆమె అతని చేతిలోంచి గుంజుకుంది. "విరగ్గొట్టకుంటే బండ్ల ఎట్ల పడ్తయి?" అని అతనికీ కోపమొచ్చింది. పాత సామాన్లు కొనే కబాడీ అతను రెండు కొసల రేకు టోపీలు పీకి ఇస్తే అవి తీసుకుంటానన్నాడు, గాజు మీరే ఉంచుకోండన్నాడు. వార్డు ఆఫీసులో కుర్చీ మీదున్నాయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"మంచి పని చేస్తున్నరమ్మా. గిసొంటియి వేరే డబ్బాల వెయ్యాలె."

"ఆ డబ్బా ఏడుంది సార్?"

"ఇంకా రాలే. వచ్చేదాంక జాగ్రత్తగ ఇంట్లనే పెట్టుకోండి."

ఇలాంటివి తీసుకుంటారంటూ ఎవరో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే, ఒకమ్మాయి ఇంగ్లీషు కలిపి మీది ఏ కంపెనీ అని అడిగింది. "కంపెనీ లేదమ్మా, కోడలున్నది" అంది ఆండాలు. అవతల ఫోన్ పెట్టేశారు.

ఇంటికొస్తే మొగుడితో ఇంకో తలనొప్పి. "ఇన్నేండ్ల సంది గివే పట్టుకుంటున్న. నాకేమైంది?" అనేవాడు రామ్‌చందర్.

"నీకేం గాలె. నీ కడుపుల బిడ్డ లేదు గద."

"సరే, నన్నేం జేయమంటవ్?"

"ఒక్కటి గూడ పగలగొట్టకుండ, వీటితోని పనున్నోళ్లకు ఇయ్యాలె. గంతే."

ఆయన బుద్ధిగా తల ఊపాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ తల ఊపుడు సంగతి తెలిసి కూడా ఆండాలు నమ్మింది.

చివరికి దారి చూపింది లావణ్యే. సంతోష్‌నగర్‌లో ఒక ఎలక్ట్రికల్ దుకాణం ముందు బల్ల వేసుకుని పాత బల్బులు, బ్యాటరీలు తీసుకుంటున్నారని ఫోన్‌లో చూసి చెప్పింది. ఇన్నిచోట్ల మొట్టికాయలు తిన్నాక ఆండాలు దేన్నీ నమ్మే స్థితిలో లేదు. ముందు కళ్లతో చూసొద్దామని పొద్దున్నే బయల్దేరింది. ఆ దుకాణం వెతికి పట్టుకునేసరికి మధ్యాహ్నం దాటింది. బల్ల నిజంగానే ఉంది. దాని వెనక మెడలో కార్డు వేసుకుని ప్రేమ్‌రాజ్ అనే కుర్రాడు కూర్చున్నాడు.

"ట్యూబులైట్లు తీస్కుంటరా బిడ్డా?"

"తీస్కుంటమమ్మా. పగలకుండ తేవాలె. ఫ్యాక్టరీకి పంపుతం. ఆడ మూసిన మిషన్ల పగలగొట్టి పాదరసం వేరే తీస్తరు, బయటికి పోనియ్యరు. సాయంత్రం దాంక ఈడనే ఉంట, తెండి."

తెండి అన్న మొదటి మనిషి ఇతనే. ఆండాలుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తన నంబరు అతనికిచ్చింది. వచ్చే దారంతా, ఆటోలో బొంతలు పరిచి, కట్టలను పడుకోబెట్టి, డ్రైవరు భాయ్‌కి గుంతలు చూసి నడపమని ఎలా చెప్పాలా అని ఆలోచించుకుంది.

ఇంటికొచ్చి చూస్తే వెనక గది గోడ ఖాళీగా ఉంది.

"చూసినవా?" అన్నాడు రామ్‌చందర్, మీసం కింద నవ్వుతూ. "నువ్వు ఊరంత తిరిగినవ్. నేను ఒక్క పూటల పంపిచ్చిన. ఒక్కటి పగల్లే."

"ఎవరికిచ్చినవ్?"

"మన నందుకు. పనున్నోళ్లకు ఇయ్యుమంటివి గద. మాంజా సీజను, వానికి గాజు కావాలె."

ఆండాలు చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగింది. నందు పక్క గల్లీలో పతంగుల మాంజా చేస్తాడు. దారానికి పదును రావాలంటే గాజుపొడి పట్టించాలి. సీసా గాజు కంటే ట్యూబులైటు గాజు పల్చన, మెత్తగా నలిగి దారాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ గల్లీల్లో పెరిగినవాళ్లెవరికైనా తెలిసిన సంగతే. తనకూ తెలుసు. తెలిసి కూడా మొగుడికి ముందే చెప్పనందుకు తనను తానే తిట్టుకుంటూ ఉరికింది.

గల్లీలో స్తంభం నుంచి స్తంభానికి గులాబీ దారాలు కట్టి ఉన్నాయి. నందు ముక్కుకు గుడ్డ కూడా లేకుండా, గాజుపొడి కలిపిన గంజిముద్ద చేత్తో పట్టుకుని దారం వెంట నడుస్తున్నాడు. అరుగు మీద అతని భార్య స్రవ్య పాత చున్నీలో పొడి జల్లిస్తోంది. తెల్లటి దుమ్ము ఆమె మోచేతుల దాకా ఉంది. మోరీ నీళ్లలో రంగు కాగితాలు తేలుతున్నాయి.

"ఎన్నన్న మిగిలినయా నందూ?"

"ఒక్కటి గూడ మిగల్లే వదినా. పొద్దటి సంది దంచుడే. అన్న మస్తు మాల్ ఇచ్చిండు."

"అండ్ల పాదరసం ఉంటది. పీలిస్తే నరాలు పోతయి. స్రవ్యా, లే ఆడికెల్లి, చేతులు కడుక్కో."

నందు నవ్వాడు. "మా నాయిన గూడ గిదే పని చేసిండు వదినా."

"ఆఖరికి మీ నాయిన చేతులు చాయ్ గిలాస పట్టకపోతుండె. యాదున్నదా?"

నందు నవ్వు ఆగిపోయింది. "అది తాగుడుకు" అన్నాడు. స్రవ్య తన చేతుల వంక చూసుకుని చున్నీ కింద పెట్టింది. మాట మార్చడానికేమో నందే మళ్లీ అన్నాడు. "మా రోలు పగిలిందంటే అన్ననే మీ రోలు ఇచ్చిండు వదినా. ఫికర్ చేయకు, మంచిగ కడిగి ఇందాకనే పంపిచ్చిన."

ఆండాలు మళ్లీ ఇంటికి ఉరికింది. ఇరుకు గల్లీలో బండ్లవాళ్లు తిడుతున్నా వినలేదు.

వంటింట్లో లావణ్య రోలు ముందు కూర్చుని ఉంది. పల్లీల పచ్చడి నూరి, గిన్నెలోకి తీసి, పక్కన రొట్టెలు పెట్టింది.

"అత్తమ్మా, నా కోసం తిరిగి తిరిగి ఆకలితోని వస్తరని నూరిన" అంది.

"తిన్నవా?"

"లే అత్తమ్మా. ఉప్పు సరిపోయిందా అని జరంత నాలుక మీద ఏసుకున్న. అంతే."

ఆండాలు గిన్నె గుంజుకుంది. కోడల్ని రెక్క పట్టి లేపి నల్లా దగ్గరికి తీసుకెళ్లి నోరు కడిగించింది. విషయం చెప్పేసరికి లావణ్య ముఖం పాలిపోయింది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. గుమ్మంలో నిలబడ్డ రామ్‌చందర్ మెల్లగా "నేనైతే పగలగొట్టలే" అన్నాడు. ఆండాలుకు ఆయన్ని తిట్టడానికి కూడా ఓపిక లేదు. పచ్చడిని కవరులో మూటగట్టి, రోలు దగ్గర కూలబడింది. అది అత్తగారిచ్చిన రోలు. ఇంట్లో ప్రతి పెళ్లికీ పసుపు దంచింది దాంట్లోనే. రాతి గుంతల్లో తెల్లగా ఏదో మెరుస్తోంది. గాజో, ఉప్పో తెలియడం లేదు.

ఫోన్ మోగితే డాక్టరమ్మేనని ఎత్తింది. ప్రేమ్‌రాజ్.

"అమ్మా, బల్ల ఎత్తేస్తున్నం. ట్యూబులు తెస్తున్నరా?"

"ట్యూబులు లెవ్వు బిడ్డా. వాటిని దంచిన రోలున్నది. తీస్కుంటరా?"

"రోలా? రోళ్లు మేం తీస్కోమమ్మా."

"మరి ఎవరు తీస్కుంటరు?"

నల్లా దగ్గర లావణ్య ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకా పుక్కిలించి ఉమ్ముతూనే ఉంది.