అంచులు కోయని బైండు

రామ్‌చందర్ పోయి మూడు నెలలైంది. ఆయన పదేళ్లపాటు వారం వారం కొన్న బొమ్మల కథల పత్రికలు ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. ఒక్కో సంచికలో ముందు సగం ముసుగువీరుడి సాహసాలు, వెనక సగం దయ్యాల కథ. పిన్నులు తుప్పుపట్టి కాగితాలు ఊడిపోతుంటే, ఆయన భార్య శారదమ్మ ముందుగా చివరి ఏడాది సంచికలు కట్టకట్టి, గౌలిపురలో ఎల్లప్పకు బైండింగుకిచ్చింది.

నాలుగో రోజు తను పాఠాలు చెప్పే బడిలో ఆమెకు భయం పట్టుకుంది. కొత్తగా బైండు చేయించిన పాత హాజరుపట్టీ తెరిస్తే, అంచుతోపాటు పిల్లల పేర్లలో మొదటి అక్షరాలు తెగిపోయి ఉన్నాయి. బైండు చేసేవాడు మూడు వైపులా కత్తి పెట్టనిదే వదలడు. రామ్‌చందర్ రాతంతా ఆ అంచుల్లోనే ఉంది. చదువుతూ చదువుతూ పెన్సిలుతో ఏదో ఒకటి రాయందే ఆయనకు తోచేది కాదు. ఆమెకు మిగిలిన ఆయన చేతిరాత అదొక్కటే. ఆ సంగతి ఎల్లప్పకు చెప్పడం మరిచింది.

చివరి గంట కొట్టగానే బయల్దేరింది. గల్లీ మలుపులోనే ఎల్లప్ప గొంతు వినిపించింది, ఏదో చదివి వినిపిస్తున్నాడు.

“‘ఈ దయ్యం మా హెడ్‌క్లర్కు లెక్కనే ఉంది. కాకపోతే దయ్యం నవ్వుతది!’ విన్నవా?”

ఎల్లప్ప భార్య బుచ్చమ్మ పడీపడీ నవ్వుతోంది. గుమ్మంలో శారదమ్మను చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు.

“ఎల్లప్పా, అంచులు కోసినవా?”

“కోద్దామని మెషిన్ల పెట్టిన టీచరమ్మా. గీ రాత కనవడ్డది. రెండు పేజీలు చదివిన, ఇగ చెయ్యి రాలే. నలభై ఏండ్లల్ల అంచు కొయ్యని బైండు ఇదొక్కటే. పని నేర్పిన మా ఉస్తాద్ ఉంటే చెంప పగలగొడ్తుండె.”

 ఆమె స్టూలు మీద కూర్చుని బైండు తెరిచింది. మొదటే చివరి సంచిక ఉంది.

“ఇది ఉల్టా అయినట్టుంది?”

ఎల్లప్ప నెత్తి కొట్టుకున్నాడు. “అయ్యో! ఛత్తాబజార్ల ఉర్దూ కితాబులు కుట్టిన చెయ్యి టీచరమ్మా. అవి కుడి దిక్కు నుంచి చదువుతరు గద, గట్లనే వరుస పెట్టిన.”

“రేపు చొక్కా గూడ ముందల్ది ఎనకకు తొడుక్కుంటడు,” అంది బుచ్చమ్మ.

“నువ్వు లొల్లి చెయ్యకు. టీచరమ్మా, ఫికర్ జెయ్యకున్రి, కుట్టు ఇప్పి మల్ల కుడ్త.”

శారదమ్మ పేజీలు తిప్పుతోంది. చివరి సంచిక ఆయన ఆస్పత్రి మంచం మీద చదివింది. అక్షరాలు వణికి, గీతలై జారిపోయాయి. బొమ్మలో ముసుగువీరుడు కొండమీంచి పడి చచ్చిపోయాడు. పేజీలు తిప్పితే, అంతకుముందు వారం సంచికలో వీరుడు లేచి గుర్రమెక్కాడు. అక్షరాలూ కాస్త నిలబడ్డాయి. ఇంకో పది సంచికలు తిప్పేసరికి ఆయన రాత ఎప్పటిలా గుండ్రంగా, తల పైకెత్తి, అల్లరి మొదలుపెట్టింది. ‘శారద దయ్యాల కథలు చదవనంటది. ఎన్ని రోజులో చూద్దాం.’

ఆమెకు నవ్వొచ్చింది. చాలా రోజులకు.

“కుట్టు ఇప్పొద్దు ఎల్లప్పా. గిట్లనే మంచిగుంది.”

“ఉల్టానా?”

“ఆఁ. పెట్టెల ఇంకా తొమ్మిదేండ్లవి ఉన్నయి. అవి గూడ గిట్లనే కుట్టు. అంచులు మాత్రం ముట్టకు.”

ఎల్లప్ప పెళ్లాం వైపు ఛాతీ విరుచుకుని తిరిగాడు. “చూసినవా, నా తప్పుకు టీచరమ్మ ఫస్టు మార్కులేసింది!”

“మార్కులు తర్వాత,” అంది బుచ్చమ్మ శారదమ్మ పక్కన చతికిలబడుతూ. “ముందల ఆ హెడ్‌క్లర్కు పేజీ తియ్యమ్మా, ఇంకోసారి వింట.”