కాళ్ళు నేలకి అందని కుర్చీ

పొద్దున తొమ్మిదిన్నర అయ్యేసరికి ఆయా వచ్చి మేడ మీది గది కిటికీలు తీసేది. నేల తుడిచి, కూజాలో నీళ్ళు నింపి, కుర్చీలు రెండూ దులిపి, గోడ గడియారానికి కీ ఇచ్చేది. అంతటితో గది సిద్ధం. కుర్చీలు కొంచెం పక్కకి తిప్పి వేసి ఉండేవి. మాట్లాడే మనిషి కావాలంటే ఎదుటివాళ్ళ ముఖం చూడొచ్చు, వద్దనుకుంటే కిటికీలోంచి వీధి చూసుకోవచ్చు. "మరీ ఎదురెదురుగా కూర్చోబెడితే దొంగతనం ఒప్పుకోమన్నట్టుంటుంది," అనేది పెద్ద మేడం.

ఆ కౌన్సెలింగ్ సెంటర్ నడిపేది ఆవిడే. అరవై దాటిన మనిషి, చేతికి మగవాళ్ళ వాచీ పెట్టుకునేది. కింద టైలరు షాపు. పైన జరిగే మాటలు కింద వినపడకూడదని, ఎవరూ అడక్కుండానే, టైలరు తన మిషన్లన్నీ వీధి వైపుకి జరుపుకున్నాడు. మెట్ల మొదట్లో ఒక రేకు డబ్బా నిండా పిన్నీసులు కూడా పెట్టాడు. పైకి వెళ్ళేవాళ్ళకి అవి పనికొచ్చేవి.

ఎందుకంటే ఆ గదిలో వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ అలాంటిది. తమ బాధ చెప్పుకుంటూ చెప్పుకుంటూ మనుషులు ఆ బాధ మొదలైన వయసుకి వెళ్ళిపోయేవారు. చొక్కాలు వదులైపోయేవి, గాజులు మోచేతుల దాకా జారేవి, కాళ్ళు నేలకి అందేవి కావు. అందుకని ఆయా కుర్చీ కింద ఒక పీట ఉంచేది. బ్యాంకు మేనేజరుగారు ప్రతి గురువారం వచ్చి ఏడేళ్ళవాడై కూర్చునేవాడు. ఆయన కళ్ళజోడు ముక్కు మీంచి జారి ఒళ్ళో పడేది. గంట అయ్యాక యథాప్రకారం యాభై ఏళ్ళకి వచ్చేసి, బెల్టు బిగించుకుని, ఆయాకి నమస్కారం పెట్టి దిగిపోయేవాడు. రిజిస్టరులో రెండు గళ్ళుండేవి: వచ్చినప్పటి వయసు, మాట్లాడినప్పటి వయసు.

వినేవాళ్ళు సరిగ్గా వినకపోతే మాత్రం కుర్చీ మామూలు కుర్చీయే. ఎవరి వయసూ కదిలేది కాదు.

ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసింది చిన్న మేడానికి. ఆ పేరు ఆయా పెట్టిందే. ఇరవై ఆరేళ్ళ పిల్ల, చదువులో మొదటి ర్యాంకు, పని నేర్చుకుందామని వచ్చింది. మొదటి రెండు నెలల్లో ఆమె దగ్గర కూర్చున్నవాళ్ళలో ఒక్కరి వయసూ ఒక్క ఏడాదైనా తగ్గలేదు. రిజిస్టరులో రెండో గడి నిండా అడ్డగీతలే.

"వాళ్ళు చెప్తుంటే నువ్వు జవాబు వెతుక్కుంటున్నావమ్మా," అంది పెద్ద మేడం ఒకరోజు. "రేపట్నుంచి వారం రోజులు ఆయా చెప్పింది విను. సలహా ఇచ్చావో, చీపురు నీ చేతికొస్తుంది."

ఆయాకి ఇలాంటివంటే మహా సరదా. దర్జాగా కుర్చీలో కూర్చుని, "మా కోడలు నా మాట వినదు మేడం," అంది.

"అయితే ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడి చూడకపోయారా?"

"ఆ మాత్రం నాకు తోచదా?" అని ఆయా చీపురు అందించింది.

అయిదు రోజులు చిన్న మేడమే గది ఊడ్చింది. ఆరో రోజు ఆయా మళ్ళీ అదే మాట అంటే, తొందరపడకుండా కాసేపు ఆగి, "ఇంట్లో మీ మాటకి విలువ లేకుండా పోయిందనిపిస్తోందా?" అంది. ఆయా చీపురు కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "కోడలొచ్చాక కాదులే. అత్తారింటికొచ్చిన కొత్తలోనే..." అంటూ ఉండగా ఆమె నుదుటి దగ్గర నాలుగు వెంట్రుకలు నల్లబడ్డాయి. చిన్న మేడం ఆ రోజు ఇంటిదాకా నడుస్తూనే వెళ్ళింది, బస్సెక్కడం మర్చిపోయి.

ఆ తర్వాతి నెలలోనే బస్సు డ్రైవరు వచ్చాడు.

యాభై నాలుగేళ్ళ మనిషి. ఖాకీ చొక్కా, పెద్ద పెద్ద చేతులు. గురువారం పదకొండు గంటలకి వచ్చి, కుర్చీ అంచున, వచ్చే స్టాపులో దిగిపోయేవాడిలా కూర్చున్నాడు.

"నిద్ర పట్టదమ్మా. డిపో డాక్టరుకి ఏ జబ్బూ దొరకలేదు. ఇక్కడికెళ్ళమన్నాడు."

"నిద్ర పట్టనప్పుడు ఏం చేస్తుంటారు?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "మా అమ్మాయి గదిలోకెళ్ళి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. రెండుసార్లు, మూడుసార్లు. ఇరవై మూడేళ్ళ పిల్ల, నర్సు చదివింది. దానికి చిరాకు. ఇప్పుడు ఆరు గంటల ప్రయాణమంత దూరంలో ఆస్పత్రిలో ఉద్యోగమొచ్చింది. వచ్చే నెలాఖరుకి చేరాలి. పంపనన్నాను. ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడటం లేదు."

"ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటున్నారు."

"అవును."

"చూసుకోకపోతే?"

"చూసుకోకపోతే పోతుంది," అన్నాడాయన. మరుక్షణం ఆయన బూట్లు రెండూ దబ్బున పీట మీద పడ్డాయి. ఖాకీ చొక్కాలోంచి సన్నటి మెడ ఒకటి బయటికొచ్చింది. పదకొండేళ్ళుంటాయి.

పెద్ద మేడం నేర్పిన పద్ధతి ప్రకారం, కాళ్ళు నేల విడిచాయంటే "మీరు" విడిచి "నువ్వు" అనాలి. "చెప్పు నాన్నా," అంది చిన్న మేడం.

"అమ్మకి జ్వరం. నాన్న మందు తేవడానికి టౌనుకెళ్తూ, నిద్రపోకు, అమ్మని చూస్తూ ఉండు అన్నాడు. మధ్యాహ్నం. ఎండ. నేను చూస్తూనే ఉన్నా అక్కా. గోడకి ఆనుకుని చూస్తూనే ఉన్నా. తర్వాత నిద్రొచ్చేసింది. లేచేసరికి అమ్మ లేదు. మంచం మీదే ఉంది, కానీ లేదు." కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "అక్కా, నేను నిద్రపోకపోయుంటే అమ్మ బతికేదా?"

చిన్న మేడం గబుక్కున ముందుకి వంగింది. "అయ్యో, నీ తప్పేం లేదు నాన్నా! చిన్నపిల్లాడివి, నువ్వేం చేయగలవు?" అనేసింది.

కుర్చీలో యాభై నాలుగేళ్ళ మనిషి కూర్చుని ఉన్నాడు. వంగి బూట్లు తొడుక్కుంటున్నాడు.

"అందరూ అదే అంటారమ్మా," అని లేచి, తలుపు చప్పుడవకుండా వేసి వెళ్ళిపోయాడు.

పెద్ద మేడం జరిగిందంతా విన్నది. తప్పుపట్టలేదు. "వాడి బాధ నువ్వు తట్టుకోలేకపోయావు. అందుకని నోరు మూయించావు. ఓదార్పు అనుకునే అన్నావులే. నేనూ నా మొదట్లో చాలామంది నోళ్ళు అలాగే మూయించాను."

"మళ్ళీ రాడేమో."

"రాకపోవచ్చు. అయినా గురువారం పదకొండింటి గంట ఆయనదే. నువ్వు కూర్చోవాలి."

రెండు గురువారాలు చిన్న మేడం ఖాళీ కుర్చీ పక్కన గంటసేపు కూర్చుంది. పుస్తకం తెరవలేదు. కింద మిషన్ల చప్పుడు వింటూ, కుర్రాడు అడిగిన ప్రశ్నని మనసులో తిప్పి తిప్పి చూసుకుంది. దానికి జవాబు తన దగ్గర లేదన్న సంగతి రెండో గురువారానికి ఒప్పుకుంది.

మూడో గురువారం ఆయన వచ్చాడు. ఒంటి మీద ఖాకీ లేదు, మామూలు చొక్కా.

"మొన్న బస్సు నడుపుతూ కన్ను మూతపడింది," అన్నాడు కూర్చోకుండానే. "రోడ్డు దిగి మట్టిలో ఆగింది. నలభై మంది ఉన్నారు. ఎవరికీ ఏం కాలేదు."

"ఈ గదిలో విన్నది బయట చెప్పం. కానీ ఇది నేను దాచలేను. నిద్ర తిన్నగా అయ్యేదాకా మీరు బస్సెక్కితే డిపోకి చెప్పాల్సొస్తుంది. మీతో చెప్పే చెప్తాను."

"పొద్దున్నే సెలవు చీటీ ఇచ్చి వచ్చానమ్మా. ఆ స్టీరింగు చూస్తేనే భయమేస్తోంది." అప్పుడు కూర్చున్నాడు.

"ఇంకో మాట," అంది చిన్న మేడం. "పోయినసారి మీరు చెప్పడం పూర్తికాకముందే నేను అడ్డొచ్చాను. ఆ తొందర నాది."

ఆయన ఆమె ముఖంలోకి మొదటిసారి చూశాడు. "ఎక్కడిదాకా చెప్పాను?" అన్నాడు. గొంతు సగంలోనే సన్నబడిపోయింది. బూట్లు పీట మీద పడ్డాయి.

కుర్రాడు ఈసారి నెమ్మదిగా చెప్పాడు. గది ఎలా ఉందో, గ్లాసు మీద ఈగ ఎక్కడ వాలిందో, అమ్మ పెదాలు ఎలా ఎండిపోయాయో. మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తలేకపోయిందట, తనే పట్టి తాగించాడట. చిన్న మేడం "ఊఁ" అనడం తప్ప ఏమీ అనలేదు. మధ్యలో వాడు ఆగినప్పుడల్లా తనూ ఆగింది.

"తర్వాత నిద్రొచ్చేసింది," అన్నాడు. "లేచేసరికి ఒళ్ళంతా చెమట. దుప్పటి మెడదాకా ఉంది. దుప్పటి తీసి పడేసి అమ్మని పిలిచా. పలకలేదు."

"దుప్పటి," అంది చిన్న మేడం. అంతే అంది.

"ఊఁ. అమ్మ దుప్పటే. చలిజ్వరం కదా, అమ్మే కప్పుకుని..."

వాడు ఆగిపోయాడు. కింద ఒక మిషను ఆగి మళ్ళీ మొదలైంది. చిన్న మేడం నాలుక చివరిదాకా ఒక వాక్యం వచ్చింది. దాన్ని మింగేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నేను కప్పుకోలేదక్కా," అన్నాడు చివరికి. "ఎండాకాలం. నేనెందుకు కప్పుకుంటా? ఇంట్లో ఇంకెవరూ లేరు." చొక్కా అంచు మెడదాకా లాక్కున్నాడు. "అమ్మ లేచింది. లేచి నా దగ్గరికొచ్చింది."

"నీ దగ్గరికొచ్చింది."

"నేను నిద్రపోతున్నానని చూసింది. చూసి కూడా లేపలేదు." వాడి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి కానీ గొంతు మామూలుగానే ఉంది. "పడుకోనిచ్చింది. నాకు అమ్మ మీద కోపమొస్తోందక్కా. ఒక్కసారి లేపొచ్చు కదా."

"లేపితే బాగుండేది నీకు."

"బాగుండేది." ముక్కు చొక్కా చేతికి తుడుచుకున్నాడు. "అమ్మకి నేను పడుకోవడమే ఇష్టమేమో." ఆ మాట తనే అని, తనే విని, కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. మోకాళ్ళు పైకి ముడుచుకున్నాడు. "అక్కా, నిద్రొస్తోంది."

"ఊఁ," అంది చిన్న మేడం.

గంట పూర్తయింది. పన్నెండింటికి రావాల్సిన బ్యాంకు మేనేజరుగారు మెట్లెక్కి వస్తుంటే ఆయా ఎదురెళ్ళి, "లోపల పిల్లాడు పడుకున్నాడండీ," అంది. ఆయన తలూపి, చప్పుడు చేయకుండా దిగి, టైలరు బల్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటూ ఉండిపోయాడు.

చిన్న మేడం కుర్చీ కదపలేదు. ఒంటిగంటకి కుర్రాడి పెదవి మీద నూనూగు మీసం కనిపించింది. కాసేపటికి భుజాలు చొక్కాని నింపాయి. నిద్రలోనే పెళ్ళి వయసొచ్చింది, నిద్రలోనే తండ్రయ్యాడు, చెవుల దగ్గర జుట్టు ఒక్కో పోగే తెల్లబడింది. అంతవరకూ ఆ కుర్చీలో అందరూ చిటికెలో వెనక్కి వచ్చేసినవాళ్ళే. ఏడాదికేడాదిగా, ఏదీ వదలకుండా పెరుగుతూ వచ్చినవాణ్ణి ఆమె చూడటం అదే మొదటిసారి. రెండున్నరకి ఆయన కాళ్ళు నేలకి తగిలాయి.

"లేచారా?" అంది.

"ఎంతసేపు పడుకున్నానమ్మా?"

"రెండున్నర గంటలు."

ఆయన ఆ లెక్క నమ్మలేనట్టు గడియారం చూశాడు. నీళ్ళు తాగాడు.

"ఇప్పుడేం చేద్దామనిపిస్తోంది మీకు?" అని అడిగింది.

"అమ్మాయిని చూడ్డం ఒక్కసారిగా మానలేనమ్మా. అబద్ధం చెప్పను."

"ఎంతవరకు మానగలరు?"

బాగా ఆలోచించాడు. "తలుపు దాకా వెళ్తాను. లోపలికి వెళ్ళను."

"ఈ వారానికి అదే."

ఆ వారం తలుపు దాకా వెళ్ళాడు. పై వారం హాలు దాకా. మధ్యలో ఒకసారి లోపలికి వెళ్ళి వేలు పెట్టేశాడు. ఆ సంగతి తల వంచుకుని చెప్తే చిన్న మేడం, "లోపలికి వెళ్ళకముందు ఏమనిపించింది?" అని మాత్రం అడిగింది. ఇంకో వారానికి మంచం మీదే లేచి కూర్చుని, ఇంట్లోవాళ్ళు నిద్రపోతున్న సంగతి తనకి తాను చెప్పుకుని, మళ్ళీ పడుకునే దాకా వచ్చాడు. ఇవన్నీ ఆయన వేసుకున్న లెక్కలే. నెలాఖరుకి రెండు రోజుల ముందు కూతురిని కూర్చోబెట్టి, దుప్పటి సంగతి చెప్పి, "వెళ్ళమ్మా," అన్నాడు.

ఆయన మళ్ళీ బస్సెక్కడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. పెద్ద మేడం ఆ తర్వాత కొన్నేళ్ళకి పోయింది. ఆ మేడ మీద ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. కుర్చీ ఏమైందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. చిన్న మేడం జుట్టు కూడా తెల్లబడింది. ఇప్పుడు ఆమె వేరే ఊళ్ళో, వేరే గదిలో, మామూలు కుర్చీలు వేసుకుని కూర్చుంటుంది. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు అడిగితే డ్రైవరు కూతురు ప్రయాణమైన రోజు సంగతి చెప్తుంది. అది ఆమెకి డ్రైవరు భార్య చెప్పిన ముచ్చట.

అమ్మాయి పొద్దున బస్సుకి వెళ్ళింది. తండ్రే సామాను పైకెక్కించాడు. ఇంటికొచ్చి భోజనం చేశాడు. మూడు గంటలప్పుడు ఫోను మోగితే తల్లి తీసింది.

"చేరానమ్మా. నాన్నకివ్వు, ఫోను పక్కనే ఉంటాడుగా."

"నిద్రపోతున్నారే."

"ఎవరు?"

"మీ నాన్నేనే. తిని పడుకున్నారు. రెండు గంటలైంది. గురక కూడా పెడుతున్నారు."

అవతల ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారిన చప్పుడైంది. తర్వాత, "ఏదీ, వినిపించు," అంది అమ్మాయి.

తల్లి రిసీవరు పట్టుకుని, తీగ ఎంతవరకు వస్తే అంతవరకు లాగి, గది గుమ్మంలో చెయ్యి చాపి నిలబడింది. అక్కడ, ఆరు గంటల దూరంలో, ఆస్పత్రి వరండాలో, భుజాన సంచీ దించకుండా అమ్మాయి ఫోను చెవికి అదుముకుని నిలబడింది. ఆమె వెనకాల ఫోను కోసం మరో ముగ్గురు నిలుచున్నారు. ఆమె పెట్టేయలేదు.