గోడవైపు కుర్చీ

ఆట మొదలయ్యే ముందు ప్రమీలారాణి కుర్చీని తనే ఎత్తి గోడవైపు తిప్పింది.

"రామ్మా, కూర్చో. నీ కోసమని సున్నం కూడా వేయించాం" అంది.

మోతీ గోడకు ముఖం పెట్టి కూర్చుంది. వెనక బల్ల మీద ఆమె కట్టిన గళ్ళ నుడికట్టు, అడ్డం నిలువు మాటల పజిలు, ఉంది. దాని చుట్టూ మధిర వాళ్ళు నలుగురు పెన్సిళ్ళు పట్టుకుని చేరారు. ఆట ముగిసేదాకా మోతీ వెనక్కి తిరగడానికి వీల్లేదు.

ఇల్లందు పఠనాలయానికీ మధిర పఠనాలయానికీ ఏటా వేసవిలో ఈ పోటీ జరుగుతుంది. ఒక ఏడు ఇల్లందు వాళ్ళు నుడికట్టు కట్టి మధిరకు తీసుకెళితే అక్కడివాళ్ళు పూరించాలి. మరుసటి ఏడు మధిర వాళ్ళు కట్టి ఇల్లందుకు తెస్తే ఇక్కడివాళ్ళు పూరించాలి. గడువుకు గడియారం చూడరు. ఇల్లందులో అయితే గని సైరను, మధిరలో అయితే విజయవాడ నుంచి వచ్చే ప్యాసింజరు కూత. పోటీ ఉన్న రోజు ఆ రైలు ఎప్పుడూ వేళకు రాదని, మధిర వాళ్ళు డ్రైవరుకు ముందే చెప్పి పెడతారని ఇల్లందు వాళ్ళ ఫిర్యాదు.

కుర్చీని గోడకు తిప్పే ఆచారం సమ్మయ్య మీసం వల్ల వచ్చింది. సమ్మయ్య బొగ్గుగనిలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇల్లందు తరఫున నుడికట్టు కట్టేది ఎప్పుడూ ఆయనే. ఒక ఏడు మధిరలో, అవతలివాళ్ళ పెన్సిలు సరైన అక్షరం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయన చేయి మీసం మీదికి పోయింది. బడిలో తెలుగు చెప్పే ప్రమీలారాణి అది కనిపెట్టింది. ఆధారాలు చదవడం మానేసి మీసాన్నే చదువుకుంటూ గళ్ళన్నీ నింపేసింది. అప్పటి నుంచి కట్టినవాళ్ళ ముఖం గోడకే.

రెండో నియమం సమ్మయ్య పెట్టింది. ఫలానా మాట ఎవరికీ తెలియదని పూరించేవాళ్ళు అడ్డం తిరిగితే, రోడ్డు మీద నుంచి మొదట వచ్చిన మనిషిని, ఎవరైనా సరే, లోపలికి పిలవాలి. ఆధారం చదివి, అప్పటికి పడిన అక్షరాలు చూపించాలి. ఆ మనిషి చెబితే అడ్డం తిరిగినవాళ్ళు ఓడినట్టు. చెప్పలేకపోతే నుడికట్టు మొత్తం కొట్టేసినట్టు.

మోతీది టేకులపల్లి దగ్గర తండా. ఇల్లందు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. గోడవైపు కుర్చీలో కూర్చోవడం ఆమెకు ఇదే మొదలు. సమ్మయ్య వరసగా ఓడిపోతున్నాడని సభ్యులు పట్టుబడితే ఆయన కుర్చీ వదిలాడు, అదీ ఒక షరతు మీద. మోతీ నుడికట్టు నిలిస్తే కుర్చీ ఆమెది. పడిపోతే తిరిగి ఆయనది, ఇక ఆయన బతికున్నన్నాళ్ళూ ఎవరూ అడగకూడదు.

ఖమ్మం దాకా బస్సులోనూ, అక్కడి నుంచి రైల్లోనూ సమ్మయ్య నోట ఒకటే మాట.

"బిడ్డా, అడివి మాటలేం పెట్టలేదు గదా?"

"ముందుగాల ఎవలకు చూపియ్యొద్దన్నది నువ్వే గదా కాకా."

"చూపియ్యమంటలేను. పెట్టినవా లేదా?"

"ఒక్కటి పెట్టిన."

సమ్మయ్య నెత్తి పట్టుకున్నాడు. "మునిగినం పో. మధిరోళ్ళు రైలు చూసినోళ్ళు గని అడివి చూసినోళ్ళు గాదు బిడ్డా. కుర్చీ మళ్ళ నా నెత్తికే వస్తది."

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో బాధేమీ వినిపించలేదు.

ఆట మొదలైన కాసేపటికే ఆయన లేచాడు. "నాకు చూడ బుద్దయితలేదు" అని టీ తాగడానికి స్టేషన్ వైపు వెళ్ళిపోయాడు.

మోతీకి కనిపించేది గోడ ఒక్కటే. సున్నం కింద పాత రైళ్ళ టైంటేబులు అచ్చు లీలగా తెలుస్తోంది. చెవులు మాత్రం బల్ల మీదే ఉన్నాయి.

"కూర్చున్నవాడికి దారి, మోసేవాడికి బరువు. మూడు గళ్ళు" అని వీరభద్రం చదివాడు. ఆయనది పురుగుమందుల దుకాణం. "ప్రభుత్వం" అని తనే జవాబు కూడా చెప్పాడు.

"అది కూర్చున్నవాడికి దారి ఎట్లా అవుతుందండీ?"

"ఒకసారి గెలిచి కూర్చోండి మేడం, దారి అదే కనపడుతుంది."

అందరూ నవ్వారు. "పల్లకి" అంది ప్రమీలారాణి. పెన్సిలు గీసిన చప్పుడు. దసరానాడు బంగారమయ్యే ఆకుకు 'జమ్మి' అని వెంటనే రాసుకున్నారు. ఆ తరవాత గళ్ళు చకచకా నిండాయి. మోతీకి సంతోషంగానే ఉంది. మాట దొరికినప్పుడు వాళ్ళు 'ఓహో' అంటుంటే, తన ఆధారం సరిగ్గానే చేరిందని అర్థం.

చివరికి ఒకటి మిగిలింది.

"తానరిగి కుండ అడుగు చూపించేది. నాలుగు గళ్ళు."

"పటిక. నీళ్ళలో తిప్పితే బురద అడుగుకు పోతుంది" అన్నాడు వీరభద్రం.

"పటిక మూడు గళ్ళండీ."

"కాస్త సాగదీయండి."

"రెండో గడిలో 'ల్ల' పడింది, పల్లకిది. చివర 'జ', జమ్మిది. ఎట్లా సాగదీసినా పటికలో ఆ రెండూ లేవు."

వాళ్ళు చాలాసేపు తిప్పలు పడ్డారు. మోతీ కళ్ళముందు తల్లి జమ్లి చేయి కదులుతోంది. వానల్లో వాగు ఎర్రగా పారేటప్పుడు జమ్లి అడవిలో ఏరిన ఆ గింజను కుండ లోపలి అంచుకు రాకుతుంది, నీళ్ళు పోసి మూత పెడుతుంది. తెల్లారి మూత తీస్తే కుండ అడుగు కనిపిస్తుంది. ఆ ఆధారం కోసం మోతీ ఎన్ని కాయితాలు చింపిందో ఆమెకే తెలుసు.

"ఇది అడివి మాట. మేం అడ్డం తిరుగుతున్నాం. రోడ్డు మీది మనిషిని పిలవండి" అన్నాడు వీరభద్రం.

కుర్చీలు జరిగాయి. అందరూ గుమ్మంలోకి వెళ్ళారు. మోతీ గోడతో మిగిలింది.

బయట ఎండ. రోడ్డు మీద ఎవరూ లేనట్టుంది.

"అదుగో, వస్తోంది."

"అది కుక్కండీ. కుక్క లెక్కకు రాదు."

తరవాత ఒక్కసారిగా నవ్వులు లేచాయి.

"ఎవలు మేడం?" అని మోతీ గోడను అడిగింది.

"మీ సమ్మయ్యగారేనమ్మా."

"ఒప్పుకోం! ఆయన వాళ్ళ మనిషి, చెప్పేస్తాడు" అన్నాడు వీరభద్రం.

ప్రమీలారాణి గొంతు తగ్గించింది. బడి గొంతు కాబట్టి తగ్గించినా మోతీకి వినిపించింది. "ఊరుకోండి. ఇది పడిపోతే కుర్చీ ఆయనది. రైలు దిగీ దిగగానే నాతో చెప్పారు. చచ్చినా నోరు విప్పరు." తరవాత పైకి అంది. "రూలు రూలే. సమ్మయ్యగారూ, లోపలికి రండి."

ఆధారం చదివారు. గళ్ళు చూపించారు.

"మళ్ళ సదువున్రి" అన్నాడు సమ్మయ్య.

మళ్ళీ చదివారు. మోతీ కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుంది. పోయిన వానాకాలం దోసెడు గింజలు ఆయన భార్య చేతిలో పోసింది తనే. ఆ సంగతి నోటితో అనడానికి లేదు. వెనక్కి తిరిగి ఆయన కళ్ళలోకి చూడటానికీ లేదు.

"నాకు తెల్వదు" అన్నాడు సమ్మయ్య.

వీరభద్రం చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లలోంచి ప్రమీలారాణి నవ్వు వినిపించింది. ఆపుకోవాలని చూసి ఆపుకోలేని నవ్వు.

"సమ్మయ్యగారూ, మీ చెయ్యి!"

"చెయ్యికేమైంది?"

"ఎక్కడుందో చూసుకోండి."

మోతీ చూడకుండానే చూసింది. చేయి మీసం మీద ఉంది.

"మేడం, మీరు మన పక్షమా, వాళ్ళ పక్షమా?" అన్నాడు వీరభద్రం.

"ఏం చెయ్యనండీ! ఆ మీసాన్ని నమ్ముకుని ఒకసారి గెలిచాను. ఇవాళ అది అబద్ధమంటే ఆనాటి గెలుపు కూడా అబద్ధమే."

మోతీ గోడవైపే చూస్తూ అంది. "కాకా, నేను తిరుగుతలేను. నీ ఇష్టం."

సమ్మయ్య గొంతు సవరించుకున్నాడు. అటూ ఇటూ నడిచాడు. ఆఖరికి బల్ల మీద అరచేత్తో చరిచాడు.

"చిల్లగింజ! మా ఇంటామె వానకాలమంతా కుండల రాకేది గదే. గిది తెల్వనోడు ఉంటడా?"

"మాకు తెలియదుగా" అన్నాడు వీరభద్రం.

"అయ్యో, మా అమ్మమ్మ ఇందుపగింజ అనేది. అదే కదూ!" అంది ప్రమీలారాణి. ఆమె వచ్చి కుర్చీని మోతీతో సహా ఇటు తిప్పబోయింది. తిరగలేదు. నవ్వుతూ మోతీయే లేచింది.

అప్పుడే ప్యాసింజరు కూత వినిపించింది. అదే వీళ్ళ తిరుగు రైలు. ఇల్లందు వాళ్ళు గెలిచిన సంగతి సరిగ్గా చెప్పుకోకుండానే స్టేషన్‌కు పరుగెత్తారు. వెనక నుంచి ప్రమీలారాణి కేక వేసింది. "చిల్లగింజలు పంపు మోతీ! ఎవరికైనా ఇచ్చి పంపు!"

రైలు కదిలాక మోతీ ఎదుటి బల్ల మీద కూర్చున్న సమ్మయ్యను అడిగింది.

"తెల్వదన్నవేంది కాకా?"

"తెలిసినోడు చెప్పి తీరాలె అని రూల్ల యాడ రాసున్నది?"

"రాసింది నువ్వే."

"అందుకే రాయలె."

మోతీ సంచిలోంచి కాయితం, పెన్సిలు తీసింది. ఒళ్ళో పెట్టుకుని గళ్ళు గీయడం మొదలుపెట్టింది. సమ్మయ్య ముందుకు వంగాడు.

"ముఖం, కాకా."

"రైల్ల గూడనా?"

"రైల్ల గూడ."

ఆయన గొణుక్కుంటూ కిటికీవైపు తిరిగాడు. మోతీ మొదటి మాట నింపింది, నల్లగడి దిద్దింది, రెండో మాటకు రెండు అక్షరాలు వేసి తలెత్తింది. సమ్మయ్య కిటికీలోంచి పొలాలు చూస్తున్నట్టే కూర్చున్నాడు. చేయి మాత్రం మెల్లగా మీసం మీదికి పోతోంది.

మోతీ కాయితాన్ని అరచేత్తో మూసింది.