ఒక్క మాటా తగ్గించకు

ప్రభుత్వ మంచినీళ్ళ శాఖలో దుబాసీ ఉద్యోగానికి ఆ రోజే పరీక్ష. పరీక్షంటే రాసేది కాదు. మొర పెట్టుకోవడానికి వచ్చినవాళ్ళ మాటల్ని అధికారికి ఆయన భాషలో చెప్పడమే. పరీక్షకి వచ్చిన పిల్లని ఇంట్లో అందరూ గుసగుస అని పిలుస్తారు. ఆమెకి ఏటి అవతలి భాష అమ్మ దగ్గరే అబ్బింది. కష్టమల్లా నోరు పెగలడమే.

"హడలిపోకే. వాళ్ళు కారం కక్కితే నువ్వు కాస్త పంచదార కలుపు. ఇన్నేళ్ళూ నేను నెట్టుకొచ్చింది అలాగే," అన్నాడు మావయ్య. త్వరలో ఆ దుబాసీ కుర్చీ ఖాళీ చేయబోయేది ఆయనే.

అధికారి మాత్రం ఒకటే చెప్పాడు. "వచ్చినవాళ్ళు 'నేను' అంటే నువ్వూ 'నేను' అనే చెప్పాలి. మార్చకూడదు."

ఏటి అవతల నుంచి వచ్చిన ముసలామె బల్లకి చెయ్యి ఆనించి గడగడా మాట్లాడేసింది. మావయ్య గుసగుస చెవిలో ఊదాడు.

"కొళాయి బాగుందట, దండాలు పెడుతోందని చెప్పెయ్."

అధికారి ఎదురుచూస్తున్నాడు. ముసలామె కూడా.

"నీ కొళాయిలో..." గుసగుస ఆగి ముసలామె వైపు చూసింది. మళ్ళీ అందుకుంది. "నీ కొళాయిలో నువ్వు రిబ్బను కత్తిరించిన రోజు తప్ప చుక్క రాలేదు. నా కోడలు నిండు చూలాలు. నీళ్ళ కోసం ఏట్లో దిగి జారిపడింది. కడుపులో బిడ్డ పోయింది. నీకు సిగ్గులేదా?"

తన నోటి నుంచి వచ్చిన మాటకి తనే కొయ్యబారిపోయింది గుసగుస. అధికారి మొహంలో నెత్తురు చుక్క లేదు. మావయ్య వైపు తిరిగాడు.

"పోయినసారి నాకు దండాలు పెట్టింది ఈవిడే కదూ? అరుస్తోందేమిటని నేనడిగితే, వాళ్ళ మాటతీరే అంత అన్నారు మీరు."

"మీ మనసు నొచ్చుకుంటుందని..." మావయ్య నేలచూపులు చూశాడు.

"ఆవిణ్ణి అడుగమ్మా. అప్పుడేం చెప్పిందో?"

గుసగుస అడిగింది. జవాబు విన్నాక మావయ్య వైపు చూడలేకపోయింది.

"నీళ్ళు రావట్లేదనే చెప్పాను. అప్పటికింకా నా కోడలు పడలేదు."

అధికారి చేతిలోంచి జారిన కలం బల్ల మీద దొర్లి కిందపడింది. ఎవరూ తియ్యలేదు.

"ఇప్పుడే ఏరు దాటి వెళ్దాం. దుబాసీవి నువ్వే, పద," అన్నాడు అధికారి లేస్తూ.

మెట్ల దగ్గర మావయ్య ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇంటికెళ్ళి మీ అమ్మకేమని చెప్తావే?"

"నువ్వే చెప్పు మావయ్యా," అంది గుసగుస, కళ్ళు తుడుచుకుంటూ. "ఒక్క మాటా తగ్గించకు."